కొరతతో ఆట

సంక్రాంతి పండుగకు బొబ్బిలిలో మా అక్కయ్యగారింటికి వెళ్ళినప్పుడు జరిగిన సంగతి ఇది. మా మేనల్లుడు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. కనుమ వెళ్ళిన మరునాడు మధ్యాహ్నం వాడు తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుండి ఒక ఆట ఆడుతున్నాడు. తెరమీద పాడుబడిన పట్టణం ఒకటి కనిపిస్తున్నది. కప్పులు కూలిన ఇళ్ళు, తుప్పు పట్టిన కార్లు, మోడువారిన చెట్లు. వాడు ధరించిన పాత్ర ఒక ఇంటిలో ప్రవేశించి సొరుగులన్నీ గాలిస్తున్నది. ఒక సొరుగులో నోట్ల కట్ట దొరికింది. వాడు పెదవి విరిచాడు. మరొక సొరుగులో జిగురు డబ్బా దొరికింది. లంకెబిందెలు దొరికినంతగా పొంగిపోయాడు.

“అదేమిరా, నోట్లకు పెదవి విరిచి జిగురుకు ఇంత సంబరమా?” అని అడిగాను.

“ఆ నోట్లు చింపితే గుడ్డపీలికలు వస్తాయి, అంతే మావయ్యా. జిగురు లేకపోతే తుపాకీకి దుర్భిణి నిలవదు. ఈ లోకంలో జిగురే బంగారం” అన్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న మా అక్కయ్య, “బాగుందిరా! ఇంట్లో ఉన్న కొరతలు చాలవని డబ్బు పోసి కొరత కొనుక్కుంటున్నావన్నమాట!” అన్నది.

ఆ మాటలో కొంత వేళాకోళమూ, కొంత బాధా ఉన్నవి. మా బావగారు ఉద్యోగరీత్యా దూరప్రాంతంలో ఉంటారు. ఆయన పంపే సొమ్ముతో ఇంటిని దిద్దుకొని వచ్చే ఇల్లాలు ఆమె. గ్యాసుబండ ఏ తేదీకి నిండుకుంటుందో, బియ్యం బస్తా ఏ వారానికి అడుగంటుతుందో పంచాంగం చూడకుండా చెప్పగల మనిషి. కొరత అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. అటువంటి ఇంటిలో పుట్టిన కుర్రవాడు సెలవు దినమంతా ఒక కల్పిత లోకంలో మేకులూ, మరలూ, జిగురూ ఏరుకుంటూ సంతోషించడం దేనికి? ఆమె వేసిన ప్రశ్నకు ఆనాడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఈ ప్రసంగంలో ఆ సమాధానం వెదకడానికి ప్రయత్నిస్తాను.

ఇంటిలో పిల్లలు ఆడుతుండగా దూరాన నిలబడి చూచి ఊరుకున్న పెద్దలకోసం ముందుగా ఈ ఆటల స్వభావం చెప్పవలసి ఉన్నది. మన నాటకంలో వేషం కట్టినవాడు కవి వ్రాసిన మాటలే పలకాలి, కవి నడిపిన దారినే నడవాలి. ఈ ఆటలలో వేషం ఉన్నది గాని, నడక చాలవరకు ఆటగానిదే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేసి విడుదల చేశారు. బల్లచుట్టూ నలుగురు కూర్చుండి, ఒకడు యోధుడుగా, మరొకడు మాంత్రికుడుగా పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ, కథను తామే అల్లుకుంటూ పోయే ఆట అది. కంప్యూటర్లు వచ్చిన తరువాత పాచికలు దొర్లించే పని, లెక్క చూచే పని యంత్రానికి అప్పగించారు. యంత్రాల శక్తి పెరిగిన కొలదీ ఆట ఒక గదినుండి ఒక కోటకు, కోటనుండి ఒక దేశానికి విస్తరించింది. ఇటే వెళ్ళవలెననే కట్టడి లేక, కొండా కోనా ఊరూ వాడా ఎటైనా తిరగగలిగే ఈ ఆటలను ‘ఓపెన్ వరల్డ్’ ఆటలంటున్నారు. ఎల్లలు లేని లోకమని మనం అనుకోవచ్చును.

మా మేనల్లుడు ఆడుతున్నది ‘ఫాలౌట్’ అనే వరుసలోని ఆట. ఆ వరుసలో మొదటిది 1997లో వచ్చింది. దాని కథకు మూలమే కొరత. చమురు మొదలైన వనరులు తరిగిపోగా, మిగిలిన కొద్దిపాటికోసం దేశాలు పోరాడి, చివరకు 2077వ సంవత్సరంలో అణ్వస్త్రాలు ప్రయోగించుకొని నాశనమైనవని కల్పన. 2010లో వచ్చిన ‘న్యూ వెగాస్’, 2015లో వచ్చిన ‘ఫాలౌట్ 4’ అనే ఆటలు ఆ వినాశనానికి సుమారు రెండు వందల ఏళ్ళ తరువాతి కాలంలో నడుస్తాయి. అక్కడ నాణేలు శీతలపానీయాల సీసాల మూతలు. పరిశ్రమలు లేవు. పాతకాలం వారు వదలిపోయిన చెత్తే ఇప్పటివారికి ముడిసరుకు.

ఇప్పుడు ఆయుధం సంగతికి వస్తాను. ‘ఫాలౌట్ 4’లో ఒక సామాన్యమైన పిస్తోలు దొరికినదనుకోండి. దానిని ఒక పనిబల్లమీద పెట్టి విడదీయవచ్చును. గొట్టం పొడవు పెంచితే గురి దూరం పోతుంది. వెనుక భుజానికి ఆనించే కర్ర తగిలిస్తే అదురు తగ్గుతుంది. పైన దుర్భిణి బిగిస్తే దూరాన ఉన్న శత్రువు దగ్గరగా కనిపిస్తాడు. కాని ప్రతి మార్పుకూ వెల ఉన్నది. బరువు పెరుగుతుంది. మోయగలిగిన బరువుకు ఒక హద్దు ఉన్నది. ఆ మార్పుకు ఉక్కు కావాలి, మరలు కావాలి, జిగురు కావాలి. ఉక్కు ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది. మరలు అంత సులభంగా దొరకవు. పాడైన బల్లఫ్యానునో, టైపురైటరునో విప్పుకోవాలి. జిగురు మరీ అపురూపం.

ఇక్కడ మా మేనల్లుడు నాకు చూపిన ఉపాయం ఒకటి చెప్పకుండా ఉండలేను. జిగురు డబ్బాలు ఏరుకుంటూ కూర్చుంటే ఎన్నటికీ చాలవట. అందుచేత వాడు ఆ లోకంలో ఒక ఊరు కట్టి, చేను వేశాడు. మొక్కజొన్న, టమాటాకూ బంగాళాదుంపకూ కలిసి పుట్టిన ఒక కల్పితమైన కాయ, మరొక వింత పండు పండిస్తాడు. వాటిని శుద్ధమైన నీటితో వండితే గంజివంటి పదార్థం తయారవుతుంది. అదే జిగురు! మా అక్కయ్య అది విని, “గంజే కదా! మా చిన్నప్పుడు గాలిపటాలకు మెతుకులు మెదిపి అంటించలేదూ?” అన్నది. అంతవరకు తెరవైపు చూడని మనిషి మొదటిసారి దగ్గరకు వచ్చి కూర్చున్నది.

నాకు ఆ క్షణాన తోచిన విషయం ఇది. తుపాకి ఆడించే ఆటగదా అని చూస్తే, తుపాకి వెనుక చేను ఉన్నది. చేను వెనుక నీరు ఉన్నది. నీటిని శుద్ధిచేసే యంత్రం ఉన్నది, ఆ ఊరిని కాపలా కాచే మనుషులున్నారు. ఒక్క దుర్భిణి బిగించడానికి ఒక సంసారం నడపవలసి వచ్చింది. నిజలోకంలోనూ ఇంతే గదా. ఏ ఆయుధమూ ఒంటరిగా పుట్టదు. దాని వెనుక కమ్మరి కొలిమి, కొలిమి వెనుక బొగ్గు, బొగ్గు వెనుక అడవి, వీరందరికీ అన్నం పెట్టే రైతు ఉంటారు. యుద్ధచరిత్రలు వ్రాసేవారు తరచు మరచే ఈ సత్యం ఒక ఆట గుర్తు చేయడం విశేషమే.

‘న్యూ వెగాస్’ అనే ఆట మరింత కఠినమైనది. వాడిన కొలదీ అక్కడ ఆయుధం అరుగుతుంది. అటువంటి ఆయుధమే మరొకటి సంపాదించి, దాని భాగాలతో దీనిని బాగుచేసుకోవాలి. కాల్చిన తూటాల తొడుగులు ఏరుకొని, సీసమూ మందూ సమకూర్చుకొని, మళ్ళీ తూటాలు తయారుచేసుకోవచ్చును. కోరుకున్నవారికి మరొక కఠిన నియమావళి ఉన్నది. దానిని ఎన్నుకుంటే దాహం, ఆకలి, నిద్ర వెంటాడుతాయి. మామూలుగా బరువులేని తూటాలకు కూడా బరువు వస్తుంది. ఎడారిలో నడిచేవాడు నీళ్ళు ఎక్కువ మోయాలా, తూటాలు ఎక్కువ మోయాలా అని తేల్చుకోక తప్పదు.

తమ చేతిలో ఉన్న లోకంలో ఎంతైనా ఇవ్వగలిగిన రూపకర్తలు, ఇవ్వకుండా బిగపట్టడం దేనికి? కారణం సులభమే. కావలసినదంతా దొరికినచోట ఎన్నికకు తావు లేదు. ఎన్నిక లేనిచోట తెలివికి పని లేదు. మన పులిమేకల ఆటలో పులులు బలమైనవి, మేకలు ఎక్కువ. మేకలవాడికి బలం లేదు గనుకనే ఉపాయం పుడుతుంది. మేకకు కూడా గెంతి చంపే శక్తి ఇస్తే ఆ ఆటను ఎవరూ రెండవసారి ఆడరు. గుడి అరుగులమీద గీతలు గీసి ఆడుకున్నవారికి తెలిసిన ఈ సూత్రాన్నే వేల మంది పనివారితో, కోట్ల పెట్టుబడితో నేటి సంస్థలు తిరిగి ఆచరిస్తున్నవి.

కొరతకు మనిషి మనస్సు స్పందించే తీరులో ఒక చిత్రం ఉన్నది. ఇటువంటి ఆటలు ఆడేవారిలో చాలమంది మంచి వస్తువు దొరికితే వాడరు. ముందు ఇంతకంటె పెద్ద ఆపద వస్తుందేమో, అప్పటికి ఉంచుదామని దాస్తారు. శక్తిగల మందు, గొప్ప కత్తి, అరుదైన తూటా అన్నీ సంచిలో పదిలంగా ఉంటాయి. చివరి శత్రువు కూడా చచ్చిపోతాడు. ఆట ముగుస్తుంది. సంచి మాత్రం నిండుగానే ఉంటుంది. ఇది విని నవ్వుకునే ముందు మన ఇళ్ళు ఒకసారి చూచుకోవాలి. శుభకార్యానికని భోషాణంలో దాచిన పట్టుచీర మడతలమీద చిరిగిపోలేదా? చుట్టాలు వస్తే తీయాలని అటకమీద పెట్టిన గాజుగ్లాసులకు ఏనాడైనా నీరు తగిలిందా? లేమి ఎరిగిన చేయి దాచడం నేర్చుకుంటుంది. వాడడం మరచిపోతుంది.

ఈ జబ్బుకు జపాను దేశపు నింటెండో సంస్థవారు ఒక మందు కనిపెట్టారు. వారు 2017లో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ అనే ఆటలో కథానాయకుడు నూరేళ్ళ నిద్రనుండి లేచి, చెట్టుకొమ్మ చేతపట్టుకొని బయలుదేరుతాడు. కత్తి దొరుకుతుంది. పది దెబ్బలు వేసేసరికి అది విరిగి ముక్కలవుతుంది. మరొకటి దొరుకుతుంది, అదీ విరుగుతుంది. దాదాపు ప్రతి ఆయుధానికీ ఆయువు కొద్దిదే. ఒక మహత్తరమైన ఖడ్గం మాత్రం విరగకుండా, శక్తి ఉడిగినప్పుడు కొంతసేపు విశ్రాంతి తీసుకొని మళ్ళీ పనికి వస్తుంది. ఈ ఏర్పాటు చాలమందికి నచ్చలేదు. ఇష్టపడి సంపాదించిన కత్తి కళ్ళముందే తునిగిపోతుంటే ఎవరికి నచ్చుతుంది? కాని దాని ఫలితం చూడండి. ఎలాగూ విరిగేదే గనుక దాచి ప్రయోజనం లేదు. వాడక తప్పదు. ఒకటి పోతే మరొకటి వెదకక తప్పదు. బండరాయి దొర్లించి, ఎండుగడ్డికి నిప్పంటించి, ఉరుము వచ్చినప్పుడు ఇనుపవస్తువు శత్రువు వద్ద పారవేసి, ఏదో ఒక ఉపాయం పన్నక తప్పదు.

అదే సంస్థ 2023లో ‘టియర్స్ ఆఫ్ ది కింగ్డమ్’ అనే పేరుతో తరువాతి కథ తెచ్చింది. అందులో కత్తులన్నీ తుప్పు తిని నిస్సారమైపోయినవట. అందుకు బదులుగా ఒక శక్తి ఇచ్చారు. ఏ వస్తువునైనా మరొకదానికి అతికించవచ్చును. కర్రకు బండరాయి అతికిస్తే గద. బల్లేనికి మృగం కొమ్ము అతికిస్తే పదునైన ఆయుధం. చచ్చిన శత్రువు విడిచిన కొమ్మే రేపటి ఖడ్గం. మొదటి ఆటలో కొరత సహనం నేర్పితే, రెండవ ఆటలో కొరత కల్పన నేర్పింది.

ఇంత చెప్పిన తరువాత, ఈ విద్య కంప్యూటరుతో పుట్టినదని మన కుర్రవాళ్ళు భ్రమపడకూడదు. చేతికి అందినదానిని పనిముట్టుగా మలచుకునే నేర్పు మన శ్రీకాకుళం, విజయనగరం సీమలో తరతరాలుగా ఉన్నదే. శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉన్నది. అక్కడి సన్నని ఖద్దరు దేశమంతటా పేరుపొందినది. ఆ నూలు వడికే ముందు పత్తిని దువ్వి, చెత్త తీసి, పోగులు సమం చేయాలి. దేనితో దువ్వుతారు? వాలుగ చేప దవడ ఎముకతో. ఆ దవడలోని సన్నని పళ్ళ వరుస పోగు తెగకుండా పత్తిని దువ్వుతుంది. చేప దవడకూ చీరకూ సంబంధం ఉన్నదని మొట్టమొదట కనిపెట్టినది ఎవరో గాని, వారి పేరు ఏ గ్రంథంలోనూ లేదు. వారిది మాత్రం నేటి ఆటల రూపకర్తలు తలవంచి నమస్కరించవలసిన బుద్ధి. ఎండిన ఎముక వారి చేతిలో దువ్వెన అయినది.

అట్లే విల్లు. సీతంపేట కొండలలో సవరలు వేటకు వాడిన విల్లు ఒక ఆయుధం. దూది ఏకేవాని చేతిలో అదే విల్లు పనిముట్టు. నారి బాణం విడిస్తే ప్రాణం పోతుంది, దూదిలో మీటితే పింజలు మబ్బులై లేస్తాయి. ఒకే రూపాన్ని చంపడానికీ, నేయడానికీ కూడా మలచుకున్నారు మన పెద్దలు. బొబ్బిలి పక్కన గొల్లపల్లి ఉన్నది. అక్కడి పనివారు ఒకే పనస దుంగను తొలిచి అతుకు లేని ఏకాండి వీణ చేస్తారు. ఒక దుంగ, ఒక వీణ. ఉలి జారి కుండ చెక్క చీలితే ఆ దుంగ వృథా. వెనుకకు తిరిగి మొదలు పెట్టే అవకాశం లేదు.

ఆటకూ బ్రతుకుకూ భేదం ఇక్కడే మొదలవుతున్నది. ఆటలో ఆయుధం మార్చడం ఒక మీట నొక్కినంత పని. సరకులు చాలితే చాలు, చేయి ఎన్నడూ తప్పదు. గొల్లపల్లి పనివాని చేతిలోని సగం సంపద కట్టె కాదు, ఏళ్ళ తరబడి చేతికి అబ్బిన ఒడుపు. ఆటలో కొరతగా లేనిది, బ్రతుకులో అన్నిటికంటె ఎక్కువ కొరతగా ఉన్నది ఆ నేర్పే.

మరొక భేదం ఇంతకంటె పెద్దది. అది చెప్పడానికి బొబ్బిలికంటె తగిన చోటు లేదు. 1757వ సంవత్సరం జనవరి 24వ తేదీ. ఫ్రెంచి సేనాని బుస్సీ, మన కథలలో మూసాబూసీ, విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజుతో కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాడు. కోట విడిచి వేరొకచోట భూములు పుచ్చుకొమ్మన్న మాటను రాజా రంగారావు అంగీకరించలేదు. నాలుగు మూలలా నాలుగు బురుజులున్న చిన్న మట్టికోట అది. ముట్టడించినవారి వద్ద ఫిరంగులున్నవి. కోటలోనివారి వద్ద ఉన్నవి నాటు తుపాకులు, బల్లేలు, కత్తులు. తెల్లవారుజామున ఫిరంగులు మొదలైనవి. బురుజులు బీటలు వారినచోట శత్రువు ఎక్కగా, లోనివారు చేతికి చేయి కలిపి నెట్టివేశారు. మళ్ళీ ఫిరంగులు, మళ్ళీ ఎక్కుడు. రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు 18వ శతాబ్దిలోనే ఆ పోరాటాన్ని గ్రంథస్థం చేశాడు. కోట నిలవదని తెలిసినప్పుడు లోపలి స్త్రీలకూ పిల్లలకూ పట్టిన గతి మన జంగం కథలు విన్నవారికి తెలుసును. దానిని ఇక్కడ వర్ణించను. కొద్దిదినాలలోనే విజయరామరాజు తన డేరాలో హతుడైనాడు. తాండ్ర పాపారాయుని పేరు అందువల్లనే నేటికీ ప్రతి నోటా నిలిచినది.

ఆనాటి సాయంకాలం మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని బొబ్బిలి యుద్ధ స్మారక స్తంభం వద్దకు వెళ్ళాను. వాడు పుట్టిన ఊరు. వందసార్లు ఆ దారిన సైకిలు తొక్కి ఉంటాడు. కాసేపు చూచి, “వీళ్ళకి ఫిరంగులు లేవా మావయ్యా?” అని అడిగాడు.

“ఎదిరించడానికి చాలినన్ని లేవు.”

“మరి ముందుగా సంపాదించుకోవలసింది కదా!”

ఆటగాడు వేయవలసిన ప్రశ్నే అది. ఆటలో ఓడితే మరల మొదలు పెట్టి, ఈసారి ముందుగా సరుకు సమకూర్చుకొని, తుపాకి మార్చుకొని, గెలవవచ్చును. “రాజుకు రెండవ ఉదయం లేదురా” అన్నాను. వాడు మరి మాట్లాడలేదు.

ఆటలోని కొరత న్యాయమైన కొరత. రూపకర్త దానిని కొలిచి, తూచి పెడతాడు. ఎంత కఠినమైనా ప్రయత్నించినవానికి ఎక్కడో ఒక దారి విడిచి పెడతాడు. వెదకితే జిగురు దొరుకుతుందనే నమ్మకం ఆటగానికి ఉంటుంది. చరిత్రలోని కొరత అటువంటిది కాదు. అది ఒకరివైపు ఫిరంగిని, మరొకరివైపు మట్టిగోడను నిలుపుతుంది. ధైర్యానికి తగిన ఫలితం ఇస్తానని అది ఎవరికీ మాట ఇవ్వలేదు. మా అక్కయ్య నెలాఖరు కొరత కూడా ఆ జాతిదే. అది ఆమె తెలివికి పరీక్షగా ఎవరూ పెట్టినది కాదు. అందుచేతనే ఆమెకు కొడుకు ఆట వింతగా తోచింది. అందుచేతనే, బహుశా, కొడుకుకు ఆ ఆట ఊరటగా తోచింది. కష్టపడితే తప్పక ఫలించే లోకం ఒకటి ఉన్నదంటే పద్దెనిమిదేళ్ళవానికి ఆశ పుట్టదా?

ఇంతవరకు మంచి చెప్పాను. చెడు చెప్పకపోతే కర్తవ్యలోపమవుతుంది. కొరతను ఆటకోసం కల్పించేవారున్నట్లే, అమ్మకం కోసం కల్పించేవారూ ఉన్నారు. ఆటను ఉచితంగా ఇస్తారు. మంచి ఆయుధం మాత్రం అరుదు చేస్తారు. ఆ అరుదైనది ఉండవచ్చును, లేకపోవచ్చును అనే మూసిన పెట్టె ఒకటి నిజమైన డబ్బుకు అమ్ముతారు. ఇది జూదమేనని బెల్జియం దేశపు అధికారులు 2018లో తేల్చి చెప్పారు. మనదేశంలో సొమ్ము పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. పెట్టె తెరిచే ఆటలకూ, పణపు ఆటలకూ చట్టదృష్టిలో తేడా ఉండవచ్చును. తల్లిదండ్రులకు మాత్రం ఒక్క ప్రశ్న చాలు. ఈ ఆటలో కొరత తీరడానికి పిల్లవాడు ఖర్చుపెట్టేది బుద్ధినా, మన బ్యాంకు ఖాతాలోని డబ్బునా? మొదటిదైతే అది ఆట. రెండవదైతే అది అంగడి.

ఇక సమయం. మనకు నిజంగా కొరతగా ఉన్న వనరు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనానికి కూడా స్థానం ఇచ్చారు. ఎక్కువసేపు ఆడినంత మాత్రాన అది వ్యాధి కాదు. ఆటమీద అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికంటె ఆటే మిన్న కావడం, నష్టం కలుగుతున్నా మానలేకపోవడం, ఈ స్థితి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగడం దాని లక్షణాలు. మరొక సంగతి. ఈ ఆటలమీద వయస్సు గుర్తులు ఉంటాయి. తుపాకులూ నెత్తురూ ఉన్న ఆట పెద్దవారికోసం చేసినదని పెట్టెమీద వ్రాసి ఉండగా, పదేళ్ళ పిల్లవానికి కొనిపెట్టి తరువాత ఆటను నిందించడం సబబు కాదు.

తిరిగి మా అక్కయ్య ప్రశ్నకు వస్తాను. బయలుదేరే ముందు రోజు రాత్రి మేనల్లుని కంప్యూటరు ఉన్నట్టుండి గుర్రుమని శబ్దం చేసి ఆగిపోయింది. వాడు కంగారు పడలేదు. పక్కరేకు విప్పాడు. లోపలి యంత్రాంగం చూచి నేను ఆశ్చర్యపోయాను. అందులో ఒక దాని జత మరొకటి లేదు. విశాఖపట్నంలో పాతసామాను అమ్మేచోట కొన్న జ్ఞాపకశక్తి పలక ఒకటి. చల్లబరచే పంకా ఎవరో పారవేసిన మరొక కంప్యూటరుది. దాని మరలు సరిపోకపోతే పురికొసతో బిగించి కట్టాడు. పాత యంత్రం మీద ఇంత పెద్ద ఆట నడవదని దుకాణంవాడు చెప్పాడట. రెండేళ్ళపాటు ఒక్కొక్క ముక్క సమకూర్చి వీడు నడిపించాడు. ఆ రాత్రి దుమ్ము దులిపి, పురికొస మార్చి కట్టి, అరగంటలో మళ్ళీ నడిపించాడు.

మా అక్కయ్య లాంతరుబుడ్డి పట్టుకున్న రోజులనాటి అలవాటుతో టార్చిలైటు పట్టుకొని పక్కనే నిలుచున్నది. “ఈ పంకా ఎప్పుడు మార్చావురా? కొనడానికి నన్ను డబ్బు అడగలేదే?” అన్నది.

“అడిగితే నీ లెక్క తప్పుతుంది కదమ్మా” అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

ఆమె మరేమీ అనలేదు. టార్చిలైటు మాత్రం కొంచెం దగ్గరకు పట్టింది. తెరమీది తుపాకికి దుర్భిణి బిగించినవాడు ఎవడో, ఈ ఇంటి కొరత ఎరిగి చెత్తకుప్పలోని పంకాను పనికి తెచ్చినవాడూ వాడే. ఆ విద్య ఆటవల్ల వచ్చినదో, అమ్మవల్ల వచ్చినదో నేను చెప్పలేను. రెండవదే నిజమని నా నమ్మకం. కొరతను నిందిస్తూ కూర్చోకుండా దానితో పనిచేయించుకోవడం ఆమె ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటిలో చేస్తున్నదే. పిల్లవాడు అది చూచి పెరిగాడు. ఆటలో ఆ విద్యకు ఒక ముచ్చట దొరికింది.

కాబట్టి మీ ఇంటి కుర్రవాడు తెరముందు కూర్చుండి మరలూ జిగురూ ఏరుకుంటుంటే, గుమ్మంలోనుండి కేకలు వేసేముందు ఒక పది నిముషాలు పక్కన కూర్చోండి. ఏమి చాలడం లేదో అడగండి. చెబుతాడు. ఆ తరువాత ఒక సెలవునాడు పొందూరు తీసుకొని వెళ్ళి, చేప దవడతో పత్తి దువ్వే అమ్మ చేతిని చూపించండి. గొల్లపల్లిలో దుంగ తొలిచే ఉలి చప్పుడు వినిపించండి. ఇంటి లెక్కల పుస్తకం కూడా ఒకసారి వాని ముందు పెట్టండి. ఇన్నాళ్ళు ఎల్లలు లేని లోకంలో లెక్క చూచుకున్నవానికి, నాలుగు గోడల లోకపు లెక్క అర్థం కాకపోదు.